వేల ఏళ్ల కిందటి సముద్రం గురించి శిలాజాలు నిజం చెబుతాయా? చెబుతాయి, సీసా మూత మీద నంబరు సరిగ్గా ఉంటే

ఒక ఎమ్మెస్సీ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: "సముద్రం అడుగు మట్టిలో దొరికే సూక్ష్మ శిలాజాలను చూసి, వేల ఏళ్ల కింద నీళ్లు ఎంత వేడిగా ఉండేవో నిజంగా చెప్పగలరా, లేక అంతా గాల్లో బాణాలేనా? ఈ రంగంలోకి రావచ్చా?"

చెప్పగలరు. గాల్లో బాణాలు కావు. రెండున్నరేళ్లు ఆ శిలాజాలను ఒక్కొక్కటిగా కుంచె కొసతో ఏరిన మనిషిని కాబట్టి ధైర్యంగా అంటున్నాను. నేను పనిచేసింది హైదరాబాద్‌లోని ఒక ల్యాబ్‌లో, ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా. మాది నల్గొండ. ఇరవై రెండేళ్లు వచ్చేదాకా సముద్రం చూడలేదు. చూడకముందే దాని అడుగు మట్టిని కడిగాను.

"హైదరాబాద్‌లో సముద్రం ఎక్కడిది?" అని అడగని చుట్టం లేడు. సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ కూడా ఇక్కడే ప్రగతి నగర్‌లో ఉందని చెబితే నమ్మరు. అసలు ఈ ఊరి కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. అందులో భూతద్దం పెట్టి వెతికినా ఒక్క శిలాజం దొరకదు. అలాంటి బండ మీద కూర్చుని బంగాళాఖాతం మట్టిని జల్లెడ పట్టడం నాకూ మొదట్లో వింతగానే ఉండేది. మా బాబాయి అయితే "పురుగులు ఏరే ఉద్యోగమా? అమీర్‌పేట్‌లో ఏదన్నా కోర్సు చేసుకోరాదు" అనేవాడు. ఆయన కొడుకు అలాంటి కోర్సులు మూడు చేశాడు. దాని సంగతి ఇంకోసారి.

పని ఇలా ఉంటుంది. ఓడ మీంచి గొట్టం దించి సముద్రం అడుగున మట్టిని నిలువు స్తంభంలా తీస్తారు, దాన్ని కోర్ అంటాం. మా కోర్‌ని మూడు సెంటీమీటర్లకొక శాంపిల్ చొప్పున కోశాం. ఒక్కోదాన్నీ ఆరబెట్టి, తూచి, నానబెట్టి, 63 మైక్రాన్ల జల్లెడలో నీళ్లు పోస్తూ కడిగితే బురదంతా పోయి చివరికి చెంచాడు తెల్లటి రవ్వ మిగులుతుంది. అదే మా బంగారం. మైక్రోస్కోప్ కింద పెడితే ఆ రవ్వ కాస్తా జొన్న పేలాలైపోతుంది. ఒక్కో పేలం ఒక ఫోరామ్, అంటే ఒకే కణం ఉన్న జీవి కట్టుకున్న సున్నపు గుల్ల. అందులోంచి ఒకే జాతివి, ఒకే సైజువి ఏరి నల్ల గళ్ల స్లైడులో పెట్టాలి. మేం ఏరింది గ్లోబిజెరినాయిడిస్ రూబర్, నీటి పైపొరల్లో బతికేది. రూబర్ అంటే ఎర్రది అని. కానీ మా మట్టిలో అన్నీ తెల్లవే. గులాబీ రంగువి హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లోంచి సుమారు 1,20,000 ఏళ్ల కిందటే మాయమయ్యాయి, అట్లాంటిక్‌లో మాత్రం ఇంకా ఉన్నాయి. అందుకే మన వైపు కోర్‌లో పైనుంచి దిగుతూ పోతుంటే మొదటి గులాబీ గుల్ల కనబడిన చోట వయసు ఇంచుమించు తెలిసిపోతుంది. మా కోర్ అంత లోతు పోలేదు. నాకు ఒక్క గులాబీది కూడా దొరకలేదని ఇప్పటికీ వెలితే.

ఏరిన గుల్లల్ని మాస్ స్పెక్ట్రోమీటర్‌కి పంపిస్తాం. అక్కడ ఫాస్ఫారిక్ ఆమ్లంలో కరిగించి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌లో బరువు ఆక్సిజన్ ఎంత, తేలిక ఆక్సిజన్ ఎంత అని కొలుస్తారు (ఆక్సిజన్ పరమాణువుల్లో బరువైనవీ తేలికైనవీ ఉంటాయి). నీళ్లు చల్లబడితే గుల్లలో బరువుది పెరుగుతుంది. సుమారు 4 డిగ్రీలు చల్లబడితే వెయ్యిలో ఒక వంతు తేడా వస్తుంది. ఇంత చిన్న తేడా మీదే మొత్తం కథ నడుస్తుంది. పైగా కరిగించిన గుల్ల మళ్లీ రాదు. అనుమానం వచ్చి "ఒకసారి చూద్దాం" అంటే చూడటానికి అక్కడేమీ ఉండదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఇక అసలు సంగతికొస్తాను.

మా ఫలితాలు వచ్చిన రోజు సార్ ముఖం వెలిగిపోయింది. గ్రాఫులో 66 సెంటీమీటర్ల లోతు దగ్గర ఒకే ఒక్క పాయింటు బరువు వైపు దూకి నిటారుగా నిలబడి ఉంది. కోర్‌లో కొన్ని చోట్ల రేడియోకార్బన్ పద్ధతిలో తీసిన వయసుల మధ్య గీత గీసి చూస్తే ఆ చోటు సరిగ్గా 8,200 ఏళ్ల దగ్గర పడింది. తెలిసినవాళ్లకి ఈ అంకె వింటే ఒళ్లు పులకరిస్తుంది. ఉత్తర అమెరికాలో మంచు పలకల వెనక నిలిచిన పెద్ద సరస్సులు ఒక్కసారిగా తెగి అట్లాంటిక్‌లో పడ్డాయి, గ్రీన్‌లాండ్ చుట్టుపక్కల నూటయాభై ఏళ్లపాటు చలి పెరిగిపోయింది, మన రుతుపవనాలు కూడా అప్పుడు నీరసించాయి. రుతుపవనాలకీ ఉత్తర అట్లాంటిక్‌కీ ఉన్న ఈ చుట్టరికాన్ని 2003లో భూశాస్త్రవేత్త అనిల్ గుప్తా బృందం ఒమన్ తీరం దగ్గరి కోర్‌లో ఫోరామ్స్ లెక్కతోనే చూపించింది. అక్కడ నైరుతి గాలి బలంగా వీస్తే అడుగు చల్లనీళ్లు పైకొస్తాయి, బుల్లాయిడిస్ అనే జాతి తెగ పెరుగుతుంది. గాలి తగ్గితే అదీ తగ్గుతుంది. ఎంత తేలికైన ఉపాయమో చూడండి.

ఇక మా సార్ లెక్క: 8,200 ఏళ్ల కింద వానలు తగ్గాయి, గంగ, గోదావరి తెచ్చే మంచినీళ్లు తగ్గాయి, నది నీళ్లలో తేలిక ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి అవి తగ్గేసరికి గుల్లలు బరువెక్కాయి. మొత్తం అతికినట్టు సరిపోయింది. సెమినార్‌కి సారాంశం రాశాం. నేనే టైప్ చేశాను, నా పేరు మూడోది.

అదే గ్రాఫులో ఇంకో పాయింటు కూడా తేడాగా ఉంది. 99 సెంటీమీటర్ల దగ్గర, అంటే సుమారు 12,400 ఏళ్ల చోట, ఒకటి తేలిక వైపు దూకింది. ఆ కాలమంతా చలి, వానలు తక్కువ, చుట్టూ ఉన్న పాయింట్లన్నీ బరువుగా ఉన్నాయి, ఇదొక్కటే అటు. "ఇది నాయిస్ అమ్మా, తీసెయ్" అన్నారు సార్. తీసేశాను.

నాలుగు నెలల తర్వాత దసరా. వనస్థలిపురంలో మా మేనత్త ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక హౌసీ మొదలైంది. నాకు జల్దీ ఫైవ్‌కి, అంటే అందరికంటే ముందు ఐదు నంబర్లు కొట్టడానికి, ఒక్క నంబరే కావాలి, 9. మా అత్తమ్మ మనవడు కాయిన్ తీసి "నైన్!" అని అరిచాడు. నేను లేచి నిలబడ్డాను. పక్కనున్న ఆడపిల్ల కాయిన్ లాక్కుని "సిక్స్ రా, కింద గీత చూడు" అంది.

నేను అలాగే నిలబడిపోయాను. "ఏంది బిడ్డా, గట్లైనవ్? ఇరవై రూపాయల ఆటకు గింత బాధనా?" అంది అత్తమ్మ. ఆమెకేం చెప్పను? కడిగిన రవ్వ దాచే మా సీసాల మూతలు గుండ్రంగా ఉంటాయి. వాటి మీద లోతు నంబర్లు రాసింది నేనే. కింద గీత లేదు. 66ని తిరగేస్తే 99.

సెలవుల తర్వాత ఎవరూ రాకముందే ల్యాబ్‌కి వెళ్లాను. ఏరడం అయిపోయాక సీసా ఒంటి మీద స్లైడు నంబరు పెన్సిల్‌తో రాసే అలవాటు నాకు ఉండటం ఏ జన్మ పుణ్యమో. కడిగాక మిగిలిన రవ్వ బరువు ప్రతి శాంపిల్‌కీ రిజిస్టర్‌లో రాసి ఉంటుంది. ఒక్కో గుల్ల పది మైక్రోగ్రాముల లెక్కలోది కాబట్టి, పాతికో ముప్పయ్యో తీసినా ఆ బరువు మారదు. తూచాను. నేను 66 అనుకుని ఏరిన సీసాలో రిజిస్టర్‌లో 99కి రాసిన బరువుంది. 99 అనుకున్న దాంట్లో 66కి రాసిన బరువుంది. రెండింటికీ ఇంచుమించు రెట్టింపు తేడా, పొరపడే అవకాశమే లేదు.

అంటే చూడండి, ఒకే తప్పు గ్రాఫులో రెండు చోట్ల కనబడింది. మాకు నచ్చిన చోట దాన్ని "సంఘటన" అన్నాం. నచ్చని చోట "నాయిస్" అన్నాం. కవలపిల్లల్లో ఒకర్ని ఊరేగించి ఇంకొకర్ని గెంటేశాం.

ఇందులో నాకు ఇంకా సిగ్గనిపించేది ఒకటుంది. అసలు ఆ పాయింటు అంత నిటారుగా ఉండటమే అనుమానించాల్సిన విషయం. సముద్రం అడుగున పురుగులు పై మట్టిని కొన్ని సెంటీమీటర్ల మేర కలియబెడుతూనే ఉంటాయి. నూటయాభై ఏళ్ల సంఘటన మా కోర్‌లో సెంటీమీటరు పైచిలుకు, అంతే. అది మిగిలినా చెదిరిపోయిన చిన్న గుట్టలా మిగలాలి కానీ సూదిలా నిలబడదు. ఈ సంగతి సార్‌కి తెలుసు, నాకూ తెలుసు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అంకె 8,200 అనేసరికి ఇద్దరం మర్చిపోయాం.

సార్‌కి చెప్పాను. కోప్పడలేదు. "మళ్లీ ఏరు" అన్నారు, అంతే, తర్వాత వారం రోజులు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. మళ్లీ ఏరి పంపితే మెషీన్ దగ్గర వరుసలో రెండు నెలలు. ఆ వరుస గురించి రాయాలంటే ఇంకో జవాబు కావాలి. కాలికి పారాణి పెట్టుకుని పెళ్లికి కూర్చున్నట్టు శాంపిల్స్ కూర్చుంటాయి, ముహూర్తం ఎప్పుడో ఎవరూ చెప్పరు. చివరికి వచ్చింది. 66 దగ్గర సూది లేదు, 99 దగ్గర గొయ్యి లేదు. మా పరిశోధన పేపర్‌లో 8,200 గురించి ఒక్క ముక్క కూడా రాలేదు. 6, 9 సీసాలు కూడా తారుమారయ్యాయేమో అని తూచాను. వాటి బరువులు దాదాపు సమానం, తేలలేదు. పక్కపక్క శాంపిల్సే కదా అని సరిపెట్టుకున్నాం.

అందుకే నా ఖచ్చితమైన అభిప్రాయం: ఒక్క పాయింటు మీద కథ కట్టిన ఏ గ్రాఫునీ నమ్మకండి, ఎంత పెద్ద పత్రికలో వచ్చినా సరే. "శాస్త్రవేత్తలు తేల్చారు" అని వార్తల్లో చూసినప్పుడల్లా నాకు హౌసీ కాయినే గుర్తొస్తుంది. ఒక్కో పాయింటు వెనక నిద్ర చాలని ఒక అమ్మాయో అబ్బాయో, తడిపిన కుంచె, మూత మీద నంబరు ఉంటాయి. వాళ్ల పేర్లు ఎక్కడో చివరి కృతజ్ఞతల్లో ఉంటాయి, అదీ అచ్చుతప్పులతో.

గుల్లలు మాత్రం అబద్ధమాడవు. వాటి మాటని మనం ఏ ఖాతాలో వేస్తున్నామన్నదే పేచీ. ఈ రంగంలో పెద్ద శాస్త్రవేత్తలూ తడబడ్డారు. 1955లో సెజారే ఎమిలియానీ ఇవే ఆక్సిజన్ లెక్కలు చూసి హిమయుగాల్లో కరీబియన్ నీళ్లు ఇప్పటికంటే 6 డిగ్రీల మేర చల్లబడ్డాయన్నాడు. 1967లో నికొలస్ షాకల్టన్ వచ్చి, ఇందులో ఎక్కువ వంతు చలిది కాదు మంచుది అన్నాడు. తేలిక నీళ్లు ఆవిరై మంచు పలకల్లో ఇరుక్కుపోతే సముద్రంలో బరువువి మిగులుతాయి. అప్పట్లో అంత మంచు పేరుకుంది కాబట్టే సముద్రమట్టం సుమారు 120 మీటర్లు కిందికి పోయింది. గుల్ల చెప్పింది ఇద్దరికీ ఒకటే.

ఇప్పుడు ఆ చిక్కు విప్పడానికి అదే గుల్లలో మెగ్నీషియం ఎంతుందో చూస్తారు. డిగ్రీ వేడికి సుమారు 9 శాతం పెరుగుతుంది, మంచుతో దానికి పని లేదు. దాంతో వేడి లెక్క తీసేస్తే మిగిలింది మంచుదీ ఉప్పుదీ. కాకపోతే గుల్లలో రవ్వంత బంకమట్టి ఉన్నా లెక్క చెడుతుంది, కాబట్టి కడగాలి, మళ్లీ కడగాలి. నా రెండో ఏడాది అంతా అదే.

రంగంలోకి రావచ్చా అన్నారు. జియాలజీ ఎమ్మెస్సీ అయితే రండి. జీతం తక్కువ, మెడనొప్పి ఖాయం, చుట్టాలకు చెప్పుకోవడం కష్టం. నేను ఇప్పుడు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను, అయినా ఆదివారం మధ్యాహ్నాలు ఆ పేలాలు గుర్తొస్తాయి. కుంచె మీదే కొనుక్కోండి, మూడు సున్నాలది, కోఠిలో దొరుకుతుంది. ల్యాబ్ కుంచెల వెంట్రుకలు ఎప్పుడూ విచ్చుకునే ఉంటాయి. సీసా మూత మీద కాదు, ఒంటి మీద రాయండి. 6కీ 9కీ కింద గీత పెట్టండి.

ఆ రాత్రి జల్దీ ఫైవ్ నాకు రాలేదు. 9 చివరిదాకా సంచిలోనే ఉండిపోయింది.