ఇంగ్లీషు పాఠం, పరాయి ఊరు: మీ ప్రశ్నలకు జవాబులు

థాయ్‌లాండ్‌లో ఇంగ్లీషు చెప్పుకుంటూ గడిపిన రోజుల గురించి పోయిన సంచికలో నేను రాసిన నాలుగు ముక్కలకి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపూరు, జయపురం, ఆఖరికి బ్యాంకాక్ నుంచి కూడా ఒకటి. చాలావాటిలో అడిగిందే అడిగారు కాబట్టి కొన్ని కలిపేశాను. పేర్లు వెయ్యొద్దన్నవాళ్లవే కాదు, ఏమీ అననివాళ్లవి కూడా తీసేశాను. మనవి చిన్న ఊళ్లు, ఎందుకొచ్చిన గొడవ.

ప్రశ్న: మా అబ్బాయి ఎమ్మే ఇంగ్లీషు చేసి ఇక్కడే కోచింగ్ సెంటర్లో చెప్తున్నాడు. తెలిసినాయన ద్వారా ఒక ఏజెంటు దొరికాడు. థాయ్‌లాండ్‌లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగమట, వీసా అక్కర్లేదట, టికెట్ కొనుక్కుని దిగితే మిగతాది అక్కడ చూసుకుంటారట. లక్షన్నర అడుగుతున్నాడు. పంపమంటారా?
– ఒక తండ్రి, బరంపురం

జవాబు: పంపకండి. అబ్బాయిని వెళ్లొద్దనడం లేదు, ఈ ఏజెంటు చేత పంపొద్దంటున్నాను.

మన గంజాం జిల్లాలో సూరత్ వెళ్లడం తాతలనాటి అలవాటు. ఊళ్లో తెలిసినవాడి వెనకాల రైలెక్కేస్తే మరమగ్గం దగ్గర పని దొరుకుతుంది, దొరక్కపోతే అదే రైల్లో వెనక్కొచ్చేస్తారు, పోయేది చార్జీ డబ్బులే. ఆ ధైర్యంతోనే మనవాళ్లు విమానం కూడా ఎక్కేస్తున్నారు, నాకు భయం అక్కడే. వీసా అక్కర్లేదన్న మాట పూర్తిగా అబద్ధం కాదు, మోసమంతా అందులోనే ఉంది. 2023 నవంబరులో థాయ్‌లాండ్ మన పాస్‌పోర్టుకి వీసా లేకుండా రానిచ్చే పద్ధతి పెట్టింది, కానీ అది చూసి రావడానికి, ఉద్యోగం చెయ్యడానికి కాదు. స్కూల్లో చెప్పాలంటే నాన్-ఇమిగ్రెంట్ బి అనే వీసా కావాలి, దానిమీద వర్క్ పర్మిట్ కావాలి, బోధన లైసెన్సు లేనివాళ్లకైతే అక్కడి టీచర్స్ కౌన్సిల్ నుంచి తాత్కాలిక అనుమతి కూడా కావాలి. అక్కడికెళ్లాక వీసా మార్చుకునే దారి లేకపోలేదు గానీ, దానికి స్కూలు వాళ్ల కాగితాలు ముందే సిద్ధంగా ఉండాలి. పర్మిట్ చేతికి రాకుండా క్లాసులో నిలబడితే నేరమే, పట్టుకుంటే జరిమానా కట్టి వెనక్కి రావాల్సింది మీ అబ్బాయి, ఏజెంటు కాదు.

ఇంకో సంగతి చెప్తాను, టెన్షన్ పెడుతున్నానని అనుకోకండి. థాయ్‌లాండ్ పడమటి సరిహద్దులో మే సోట్ అని ఊరుంది, పక్కనే ఏరు, ఏరు దాటితే మయన్మార్‌లోని మ్యావాడీ. మంచి ఉద్యోగమని బ్యాంకాక్‌లో దింపి, కారెక్కించి, అక్కడికి తీసుకుపోయి, పాస్‌పోర్టు లాక్కుని, కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి విదేశాల వాళ్లని ఆన్‌లైన్‌లో మోసం చేయించిన ముఠాల గురించి మన విదేశాంగ శాఖ 2022 నుంచి హెచ్చరిస్తూనే ఉంది. తెలుగు పిల్లలు కూడా అలా చిక్కుకుని బయటపడ్డారు. వాళ్లకి కావాల్సింది ఇంగ్లీషు టకటకా టైపు చేసే కుర్రాళ్లు. ఎమ్మే ఇంగ్లీషు అంటే ఎవరు గుర్తొస్తున్నారో చూడండి.

ఏజెంటుని రెండు అడగండి. ఒకటి, విదేశాంగ శాఖలో నమోదైన లైసెన్సు నంబరు. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో అది ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. నమోదైనవాడు తీసుకోదగ్గ సర్వీసు చార్జీ 30 వేలు, పైన జీఎస్టీ, అంతే. లక్షన్నర దగ్గరే ఆయన సంగతి తెలిసిపోయింది. రెండోది, స్కూలు పేరు. ఆ స్కూలు హెడ్మాస్టరో, విదేశీ టీచర్లని చూసుకునే మనిషో వీడియోలో అబ్బాయితో మాట్లాడకుండా, చిన్న డెమో పాఠం చెప్పించకుండా ఉద్యోగం ఇచ్చారంటే అది టీచరు ఉద్యోగం కాదు. అక్కడ కొత్త విద్యాసంవత్సరం మే నెల మధ్యలో మొదలై మార్చిలో అయిపోతుంది, నడుమ అక్టోబరులో సెలవులు. అందుకని ఎక్కువగా ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ మనుషుల కోసం వెతుకుతారు. అబ్బాయిని ఏజెంటు లేకుండా నేరుగా స్కూళ్లకే అప్లికేషన్లు పెట్టమనండి. ఆలస్యం అవుతుంది, అవనివ్వండి.

ప్రశ్న: పదో తరగతి సర్టిఫికెట్లో బిజయలక్ష్మి, ఆధార్‌లో విజయలక్ష్మి, డిగ్రీలో ఇంటిపేరు ముందు, పాన్ కార్డులో ఇంటిపేరు వెనక. పాస్‌పోర్టు ఇంకా తియ్యలేదు. విదేశాలకి ఇది అడ్డమా?
– పాఠకురాలు, ఛత్రపురం

జవాబు: అడ్డమే, పెద్ద అడ్డం, అదృష్టంకొద్దీ మీరు పాస్‌పోర్టు తియ్యకముందే అడిగారు. ఇది ఒడిశాలో పుట్టిన తెలుగువాళ్లకి వచ్చే ప్రత్యేకమైన రోగం. స్కూల్లో పేరు రాసుకునే గుమాస్తా ఒడియా ఆయన, ఆయన నోట్లో వకారం బకారమే, వాసుదేవరావు బాసుదేబ రావు అయిపోతాడు. మనం అయితే ఏటి అని ఊరుకుంటాం. ముప్పయ్యేళ్లు వచ్చాక ఏ ఎంబసీ అధికారో ఆ ఇద్దరూ ఒకరేనా అని అడుగుతాడు.

నా సలహా, మిగతావన్నీ పదో తరగతి సర్టిఫికెట్ దారికి తెచ్చుకోండి. బోర్డు కటక్‌లో ఉంది, అక్కడ దిద్దించుకోవడం కుదరదని కాదు, పాత రికార్డయితే చెప్పులరిగిపోతాయి. ఆధార్, పాన్ మార్చుకోవడం దానికంటే సులువు. బిజయలక్ష్మి మీకు నచ్చకపోవచ్చు. నచ్చనివ్వండి, ఇంట్లో ఎలాగూ ఆ పేరుతో పిలవరు. పాస్‌పోర్టులో ఇంటిపేరుకి వేరే గడి ఉంటుంది, దాన్ని అక్కడే పెట్టండి. మనవాళ్లు చాలామంది రెండూ ఒకే గడిలో కుక్కేస్తారు, అక్కడి స్కూళ్లలో మొదటి పేరుతోనే పిలుస్తారు కాబట్టి పొద్దున్నే గేటు దగ్గర పిల్లలంతా చేతులు జోడించి ‘గుడ్ మార్నింగ్ టీచర్ పొట్నూరు’ అంటారు, జీవితాంతం అదే.

డిగ్రీ మాట కూడా చెప్పేస్తాను, ఇదే అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు. ప్రొవిజనల్ సర్టిఫికెట్ పట్టుకుని కూర్చోకండి, ఒరిజినల్ పట్టా కావాలి. భంజ విహార్‌లో, అంటే బరంపురం యూనివర్సిటీలో, దరఖాస్తు పెట్టి ఇప్పుడే తీసి ఉంచుకోండి, ఉద్యోగం వచ్చాక పరిగెడితే స్కూలు వాళ్లు ఆగరు. దానిమీద ముందు రాష్ట్ర స్థాయిలో, తర్వాత ఢిల్లీ విదేశాంగ శాఖ నుంచి ముద్ర పడాలి. అపోస్టిల్ అని, ఒక దేశపు ముద్రని ఇంకో దేశం నేరుగా ఒప్పుకునే ఒప్పందం ఉంది, అందులో ఉన్న దేశాలకి అక్కడితో సరి. మనదేశం 2005లో చేరింది. ఒప్పందంలో లేని దేశమైతే ఆ దేశపు ఎంబసీ ముద్ర కూడా కావాలి, దానికి వేరే ఫీజు, వేరే వారాలు. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్టు ఆఫీసు ద్వారానే వస్తుంది, అది మాత్రం చివర్లో తియ్యండి, పాతదైపోతే ఒప్పుకోరు.

ప్రశ్న: నేను పది దాకా ఒడియా మీడియం. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, ఇంగ్లీషు డిగ్రీలోనే వంటబట్టింది. నాలాంటివాడికి విదేశంలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం అనుకోవడం కూడా అత్యాశేనా? 5 వేలకి ఆన్‌లైన్ టెఫెల్ కోర్సు (పరాయి భాషగా ఇంగ్లీషు చెప్పే శిక్షణ) ఇస్తామంటున్నారు, చేరనా?
– గుణుపూరు

జవాబు: దేశాన్ని బట్టి ఉంటుంది బాబూ. కొరియా, చైనాల్లో భాష చెప్పే వీసాలు ప్రధానంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులని దృష్టిలో పెట్టుకుని రాసినవి, వాటిమీద టైము పెట్టకు. జపాన్‌లో స్కూలు టీచరు వీసాకి, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు పన్నెండేళ్లు ఇంగ్లీషులో చదివినట్టు చూపించాలి, నీకు అది కుదరదు. థాయ్‌లాండ్, వియత్నాం నిన్ను ఏ మీడియమని అడగవు. డిగ్రీ అడుగుతాయి, టీచింగ్ సర్టిఫికెట్ అడుగుతాయి, నీ ఇంగ్లీషుకి పరీక్ష మార్కులు అడుగుతాయి. థాయ్‌లాండ్‌లో చాలాచోట్ల వినపడేది టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్షలో 600.

ఆ 5 వేల కోర్సు కాగితం కోసమైతే చాలు, 120 గంటలు అని రాసి ఉందో లేదో చూసుకో, అంతకంటే తక్కువైతే తీసిపారేస్తారు. దానివల్ల పాఠం చెప్పడం వస్తుందని మాత్రం అనుకోకు. అది నేర్చుకోవాలంటే కేంబ్రిడ్జ్ వాళ్ల సెల్టా లాంటిది చెయ్యాలి, అందులో నిజం విద్యార్థుల ముందు 6 గంటలు చెప్పిస్తారు, వెనక ఒకరు కూర్చుని రాసుకుంటుంటారు, అయ్యాక మొహమాటం లేకుండా ఏకేస్తారు. ఖర్చు లక్ష పైమాటే. ముందు చవకది చేసి, ఒక ఏడాది ఊళ్లోనే ఏదైనా స్కూల్లో చెప్పు, ఆ పని నీకు నచ్చిందో లేదో తేలాక ఆ లక్ష సంగతి ఆలోచించు.

ప్రశ్న: మాది పర్లాకిమిడి, ఇప్పుడు బ్యాంకాక్ శివార్లలో ఒక ప్రైవేటు స్కూల్లో చేస్తున్నాను. పక్క క్లాసు చెప్పే ఇంగ్లండ్ అబ్బాయికి టీచింగ్ అనుభవమే లేదు, నాకంటే జీతం ఎక్కువ. పేరెంట్స్ మీటింగులో ఒకావిడ ‘అసలు ఇంగ్లీషు టీచరు ఎప్పుడొస్తుంది’ అని నన్నే అడిగింది. ఇండియాలో బీఈడీ చేసిన దాన్ని, ఏడుపొచ్చింది. వెనక్కొచ్చెయ్యనా మేడమ్?

జవాబు: ఆ ఏడుపు నాకు తెలుసమ్మా. అక్కడ నేను చేసిన ఒక స్కూలు బ్రోషర్లో మా అందరి ఫొటోలూ వేసి, నాదీ ఫిలిప్పీన్స్ అమ్మాయిదీ మాత్రం వదిలేశారు. అడిగితే జాగా చాల్లేదన్నారు.

జీతం తేడా న్యాయం కాదు. పాస్‌పోర్టు చూసి జీతం వేసే స్కూళ్లు అక్కడ బోలెడు, అవి మన ఉత్తరాలు చూసి మారవు. కానీ నువ్వు ఇంగ్లండ్ అబ్బాయి కంటే తక్కువ సరుకు అని మాత్రం నమ్మకు, ఎందుకంటే క్లాసులో జరిగేది వేరు. థాయ్ పిల్లలు మాట చివర ఉన్న ‘ల్’ని ‘న్’ చేసేస్తారు, ఫుట్‌బాల్ వాళ్ల నోట్లో ఫుట్‌బాన్. ఆ అబ్బాయి నాలుగుసార్లు తను పలికి చూపించి, అయిదోసారి గొంతు పెంచుతాడు, ఎందుకంటే ఆ ‘ల్’ తన నోట్లోకి ఎప్పుడు వచ్చిందో తనకి గుర్తులేదు. నువ్వయితే బస్‌ని బస్సు, కార్‌ని కారు అనకుండా ఆపుకోవడం ఒకప్పుడు కష్టపడి నేర్చుకున్నదానివి. నాలిక ఎక్కడ ఆగాలో, ఎక్కడ జారుతుందో నీకు తెలుసు. దాన్ని పాఠంగా చెయ్యి. అద్దాలు తెప్పించు, పిల్లల చేత నాలిక చూసుకోమను, ఒక్క చివరి శబ్దంలోనే తేడా ఉన్న జంటమాటలు రాయించు. మూడు నెలల్లో ఆ క్లాసు పిల్లలు చదివేది రికార్డు చేసి కోఆర్డినేటర్‌కి వినిపించు. జీతం మాట అప్పుడు ఎత్తు, ఏడుస్తూ కాదు, కాంట్రాక్టు రెన్యూ చేసే నెలలో.

మీ ఊళ్లోనే ఒక మాస్టారుండేవారు, గిడుగు రామమూర్తి గారు. వ్యవహారిక భాష కోసం పోరాడినాయన అని బళ్లో చదివే ఉంటావు. ఆయన కొండమీది సవరల భాష పెద్దయ్యాక నేర్చుకున్నారు, వాళ్ల పిల్లల కోసం వాచకాలు రాశారు, ఆయన సవర భాష మీద ఇంగ్లీషులో రాసిన పుస్తకాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చేసింది. సవర ఆయన తల్లిభాష కాదు. ఆ పేరెంట్‌తో ఇది చెప్పక్కర్లేదులే, ఆవిడకి రామమూర్తి గారెవరో తెలీదు, నీకు గుర్తుంటే చాలు.

వెనక్కి రావడం సంగతి: కాంట్రాక్టు మధ్యలో మాత్రం రాకు. ఏడాది పూర్తిచేసి, స్కూలు దగ్గర అనుభవం సర్టిఫికెట్ తీసుకో. బీఈడీ ఉంది కాబట్టి అక్కడే ఇంటర్నేషనల్ స్కూళ్లకి పెట్టుకో, భాషా సెంటర్ల కంటే అవి నయం. 90 రోజులకోసారి ఇమిగ్రేషన్‌లో అడ్రసు చెప్పడం మర్చిపోకు. పండక్కి ఇంటికొచ్చేటప్పుడు రీఎంట్రీ పర్మిట్ తీసుకోకుండా విమానం ఎక్కావంటే వీసా అక్కడితో చచ్చిపోతుంది, అప్పుడు నువ్వు అడక్కుండానే వెనక్కొచ్చేసినట్టు.

ప్రశ్న: బీఈడీ, సీబీఎస్‌ఈ స్కూల్లో కొన్నేళ్ల అనుభవం ఉన్నాయి. గల్ఫ్ మంచిదా, థాయ్‌లాండ్ మంచిదా?
– రాయగడ

జవాబు: ఈ రెండూ ఉంటే గల్ఫ్‌లోని ఇండియన్ స్కూళ్లు. సిలబస్ మనదే, పక్క టీచరు కేరళ ఆవిడ, నిన్ను ఎవరూ ఏ దేశమని అడగరు. వేరే దేశంలో ఉన్నట్టే ఉండదని కొందరికి అదే విసుగు. యూఏఈకి డిగ్రీమీద ఎంబసీ ముద్ర తప్పనిసరి. సౌదీ 2022లో అపోస్టిల్‌లో చేరింది.

ప్రశ్న: అక్కడ సంపాదించింది ఇక్కడి నా పాత సేవింగ్స్ ఖాతాలోకే పంపొచ్చా?
– జయపురం

జవాబు: విదేశంలో ఉద్యోగంలో చేరాక పాత ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా, అంటే బయటి దేశంలో ఉన్నవాళ్లు ఇక్కడి ఆదాయానికి ఉంచుకునే ఖాతాగా, మార్పించుకోవాలి, జీతం పంపడానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవాలి. దానిమీద వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. బ్యాంకు మేనేజరు బద్ధకిస్తే లిఖితంగా ఇవ్వండి.

కాంట్రాక్టు కాపీలు పంపి చదివిపెట్టమంటున్న వాళ్లకి ఒక మాట, తప్పకుండా చదువుతాను, కానీ పాస్‌పోర్టు నంబరు నల్ల ఇంకుతో కొట్టేసి పంపండి.