వాగు పొంగిన చోటును పోస్టుల నుంచి పట్టుకోవచ్చా?

వానాకాలంలో మన నల్లగొండ, పాలమూరు వైపు ఏ రోడ్డు తెగింది, ఏ వాగు పొంగిందన్నది ఫేస్‌బుక్, ఎక్స్ పోస్టుల నుంచి ప్రోగ్రాముతో ఏరి మ్యాపు మీద పెట్టొచ్చా అని అడిగారు. పెట్టొచ్చు. నల్లగొండలో ఉంటూ మూసీ కోసం నేను అలాంటిదే నడుపుతున్నాను.

ఏదో జరిగిందని పసిగట్టడం తేలిక. 2010లోనే జపాన్‌లో సకాకి అనే పరిశోధకుడి బృందం ట్విటర్ (ఇప్పటి ఎక్స్) వాడే ప్రతి మనిషినీ ఒక సెన్సర్‌గా లెక్కగట్టి భూకంపాలను పట్టింది. అక్కడి వాతావరణ సంస్థ తీవ్రత కొలతలో 3, ఆపైన ఉన్నవాటిలో 96 శాతం దొరికాయి. కానీ భూకంపం వేలమందికి ఒకేసారి తెలుస్తుంది. మన దగ్గర కాజ్‌వే మునిగితే ఆ దారిన పోయే కొద్దిమందికే తెలుస్తుంది. కాబట్టి పోస్టులు గుట్టగా వచ్చేదాకా ఆగకండి, ఊరి పేరున్న పోస్టు ఒక్కటి కనిపించినా పరిశీలనకు తీసుకోండి.

అసలు తిప్పలంతా చోటు తేల్చడంలోనే. ట్వీటుకు కచ్చితమైన లొకేషన్ తగిలించే వీలును 2019లోనే చాలావరకు తీసేశారు. ఇక రాసిన మాటలే దిక్కు. ‘భీమారం బ్రిడ్జి మీదికెల్లి నీళ్లు పోతున్నయ్, సూర్యాపేట బస్సులు బంద్’ అని ఒకరు పెట్టారనుకోండి. మంచిర్యాల జిల్లాలో భీమారం పేరుతో ఏకంగా మండలమే ఉంది, ప్రోగ్రాము నేరుగా అక్కడికి పోతుంది. లేదంటే సూర్యాపేట నడిబొడ్డున చుక్క పెడుతుంది. రెండూ తప్పే. ఇది కేతేపల్లి మండలం భీమారం, మూసీ మీది వంతెన. నేను పెట్టుకున్న పద్ధతి ఇది: వంతెన, వాగు, కట్ట పక్కనున్న పేరు ఘటన జరిగిన చోటు; బస్సులు, ‘పోయే దారి’ పక్కనున్న పేరు దిక్కు మాత్రమే. ఒకే పేరున్న ఊళ్లన్నిటినీ ముందు పెట్టుకుని, ఆ దిక్కుకు దగ్గరున్నదాన్ని ఎంచుకోవాలి.

ప్రోగ్రాము పేర్లు పోల్చుకునే ఊళ్ల పట్టికను చేత్తో సరిచేయక తప్పదు. నీలగిరి అంటే నల్లగొండ అని చెప్పకపోతే మీ చుక్క ఊటీ కొండల్లో తేలుతుంది. మానుకోట మహబూబాబాద్ అని, పాలమూరు మహబూబ్‌నగర్ అని కూడా రాసిపెట్టండి. ‘మిర్యాలగూడల’, ‘మిర్యాలగూడకు’ లాంటి మాటల చివర ‘ల’, ‘కు’ ప్రత్యయాలు కత్తిరించాకే పోల్చాలి. చెరువు నిండి మత్తడి దుంకుతోందంటే జనం సంబరంగా ఫొటోలు పెడతారు, కట్టకు గండి పడిందంటే ప్రమాదం. రెంటికీ ఒకే రంగు వేయకండి.

పాత వీడియోల బెడద ఉండనే ఉంది. 2020 అక్టోబరు వరద దృశ్యాలను కొత్తవన్నట్టు మళ్లీ పెట్టేవాళ్లుంటారు. మండలాలవారీ వర్షపాతంతో సరిచూడండి. అయితే మూసీకి ఆ ఒక్క లెక్క చాలదు, ఇక్కడ చినుకు పడకపోయినా హైదరాబాద్‌లో కురిసిన వానకు వరదొస్తుంది. మూసీ ప్రాజెక్టు గేట్లు ఎత్తారేమో కూడా చూడాలి.

పల్లెల్లో సగం సంగతులు వాట్సాప్‌ గ్రూపుల్లోనే తిరుగుతాయి, వాటిని ప్రోగ్రాము చదవలేదు. తెలిసినవాళ్లను లొకేషన్ పంపమనండి. ఫొటోను మామూలుగా పంపితే అందులోని చోటు వివరం పోతుంది, డాక్యుమెంటుగా పంపితే ఉంటుంది. పంపినవాళ్ల పేరు, నంబరు మాత్రం మ్యాపు మీద పెట్టొద్దు.

ఇంకొకటి, ఇది చాలామంది వదిలేస్తారు. రోడ్డు బంద్ అయిందని అందరూ పెడతారు, తెరిచారని ఎవరూ పెట్టరు. ప్రతి చుక్కకూ గడువు పెట్టండి. కొన్ని గంటలు కాగానే రంగు వెలిసిపోయి ‘ఇప్పుడు తెలియదు’ అని చూపాలి. ఆ ఊళ్లో ఎవరికైనా ఫోన్ చేసి కనుక్కున్నాకే తీసేయాలి.