ఫోటోలన్నిటికీ ఒకే తేదీ పడింది, పవర్‌షెల్ స్క్రిప్ట్‌తో మార్చొచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: నాన్నగారి పాత ఫోన్‌లోవి, పెన్‌డ్రైవ్‌లోవి, వాట్సాప్ ఫోల్డర్‌లోవి అన్నీ కలిపి కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశారు. ఇప్పుడు తేదీ వారీగా పేరిస్తే వేల ఫోటోలు కాపీ చేసిన రోజునే తీసినట్టు కనిపిస్తున్నాయి. పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్లు టైప్ చేసి పని చేయించుకునే విండో) స్క్రిప్ట్‌తో ఒకేసారి మార్చొచ్చా, మారిస్తే ఫోటోలకు ఏమైనా అవుతుందా, క్రియేటెడ్ తేదీ కూడా మార్చాలా, దానికోసం సిస్టమ్ సెట్టింగులు కూడా కదపాలా అని అడిగారు. అమ్మానాన్నల 1974 నాటి పెళ్లి ఫోటోల స్కాన్లు కూడా వాటిలో ఉన్నాయన్నారు.

మార్చొచ్చు. ఫైల్ తేదీ మారిస్తే లోపలి ఫోటోకి ఏమీ కాదు, ఆ విషయంలో టెన్షన్ వద్దు. మా చెల్లి పెళ్లి తర్వాత చుట్టాలందరి ఫోన్ల నుంచి వచ్చిన ఫోటోలను ఇలాగే సర్దాను. కమాండ్ ఒక్క లైనే. టైమంతా తినేది ఏ ఫోటోకి సరైన తేదీ ఎక్కడ దొరుకుతుందో తేల్చుకోవడం. ఆ సంగతి స్క్రిప్ట్‌కి తెలియదు, మీరే చెప్పాలి. (కమాండ్ల పేర్లు తెలుగు లిపిలోనే రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషులో కొట్టుకోండి.)

ముందు అసలు స్క్రిప్ట్ అవసరమా అన్నది చూడండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ తన డిస్కులో ఫైళ్లను దాచుకునే పద్ధతి) డిస్క్ మీద ప్రతి ఫైల్‌కీ మూడు తేదీలు ఉంటాయి: క్రియేటెడ్, మోడిఫైడ్, యాక్సెస్డ్. విండోస్‌లో మామూలుగా కాపీ చేస్తే క్రియేటెడ్ తేదీ కాపీ చేసిన క్షణానికి మారుతుంది, మోడిఫైడ్ మాత్రం పాతదే ఉంటుంది. అందుకే ఫైల్ మార్చిన తర్వాత పుట్టినట్టు విడ్డూరంగా కనిపిస్తుంది. ఇవి కాక ఫోటో ఫైల్ లోపల, ఎగ్జిఫ్ అనే భాగంలో, కెమెరా రాసిన 'డేట్ టేకెన్' విడిగా ఉంటుంది. ఫోల్డర్‌ని డీటెయిల్స్ వ్యూలో పెట్టి, పైన కాలమ్ పేర్ల మీద రైట్‌క్లిక్ చేసి ఈ మూడూ తెచ్చుకోండి: డేట్ టేకెన్, డేట్ మోడిఫైడ్, డేట్ క్రియేటెడ్. చాలామందికి సమస్య ఇక్కడే తీరిపోతుంది. డేట్ టేకెన్ బాగానే ఉంటే దాని ప్రకారం పేర్చుకుంటే చాలు, ఏ స్క్రిప్టూ అక్కర్లేదు.

అది ఖాళీగా ఉన్న ఫోటోలే మన పని. వాటిలో ఎక్కువ భాగం వాట్సాప్‌వే అయి ఉంటాయి. వాట్సాప్‌లో మామూలుగా ఫోటో పంపితే సైజు తగ్గించడంతో పాటు ఎగ్జిఫ్ కూడా తీసేస్తుంది. అయితే ఆండ్రాయిడ్ ఫోన్‌లో సేవ్ అయినప్పుడు ఫైల్ పేరులోనే తేదీ పెడుతుంది: ఐఎంజి-20190415-డబ్ల్యుఏ0012 అంటే 2019 ఏప్రిల్ 15 నాటి ఫోటో అన్నమాట. అది ఫోన్‌కి చేరిన తేదీయే గానీ తీసిన తేదీ కాదు. పెళ్లి అయిన వారానికి పెద్దమ్మ ఫార్వర్డ్ చేసిన ఫోటోకి ఆ వారం తర్వాతి తేదీయే ఉంటుంది. అయినా ఏమీ లేని దానికంటే నయం.

పని మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు. ఒకటి, ఫోల్డర్ మొత్తాన్ని బయటి డిస్క్‌లోకి ఇంకో కాపీ తీసి పెట్టుకోండి. విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ కమాండ్ వాడితే ఫైళ్ల తేదీలు పోవు, సబ్‌ఫోల్డర్లకు /ఇ, ఫోల్డర్ల తేదీలు కూడా ఉండాలంటే /డీకాపీ:డీఏటీ అని చేర్చాలి. వన్‌డ్రైవ్ లాంటిది ఆ ఫోల్డర్‌ని సింక్ చేస్తుంటే పని అయ్యేదాకా ఆపేయండి. రెండోది, ఇప్పుడున్న తేదీలను ఒక ఫైల్‌లో దాచుకోండి. గెట్-చైల్డ్‌ఐటమ్ -రికర్స్ ఇచ్చే జాబితాలోంచి ఫుల్‌నేమ్, క్రియేషన్‌టైమ్, లాస్ట్‌రైట్‌టైమ్ మూడూ ఏరి ఎక్స్‌పోర్ట్-సీఎల్‌ఐఎక్స్‌ఎంఎల్‌కి ఇవ్వండి. చాలామంది ఇక్కడ సీఎస్‌వీ (విలువలను కామాలతో వేరుచేసి రాసే మామూలు టెక్స్ట్ ఫైల్) వాడమంటారు. నేను వద్దంటాను, ఎందుకంటే అందులో తేదీ వట్టి అక్షరాలుగా మారుతుంది. తిరిగి చదివేటప్పుడు వచ్చే తంటా కింద చెప్తాను.

ఇప్పుడు స్క్రిప్ట్. గెట్-చైల్డ్‌ఐటమ్‌తో ఐఎంజి- అని మొదలై మధ్యలో డబ్ల్యుఏ ఉన్న ఫైళ్లన్నీ తెచ్చుకుని ఫర్‌ఈచ్-ఆబ్జెక్ట్‌లోకి పంపాలి. లోపల పేరులో మొదటి నాలుగు అక్షరాలు వదిలేసి తర్వాతి ఎనిమిది తీసుకోవాలి, అంటే సబ్‌స్ట్రింగ్(4,8). ఆ ఎనిమిది అంకెలనూ డేట్‌టైమ్‌లోని పార్స్‌ఎగ్జాక్ట్‌కి ఇస్తే తేదీ వస్తుంది. దానికి ఇచ్చే నమూనాలో చిన్న వై నాలుగు, పెద్ద ఎమ్ రెండు, చిన్న డి రెండు ఉండాలి. ఆ ఎమ్‌లు పెద్దవే అయి ఉండాలి. పెద్ద ఎమ్ అంటే నెల, చిన్న ఎమ్ అంటే నిమిషాలు. చిన్నవి కొట్టారంటే ఎర్రర్ కూడా రాదు. 20190415ని 2019 జనవరి 15, అర్ధరాత్రి దాటి 4 నిమిషాలుగా చదువుకుని హాయిగా ముందుకెళ్లిపోతుంది. సంవత్సరంలోని ఫోటోలన్నీ జనవరిలోనే తేలితే కారణం ఇదేనని గుర్తుపట్టొచ్చు.

పేరులో గంట, నిమిషం లేవు కాబట్టి అన్నీ అర్ధరాత్రి 12కి పడతాయి. నేను మధ్యాహ్నం 12 గంటలు కలిపి, ఆ పైన డబ్ల్యుఏ తర్వాతి నాలుగు అంకెలను సెకన్లుగా కలుపుతాను. ఆ అంకెలు సబ్‌స్ట్రింగ్(15,4)లో దొరుకుతాయి. దీంతో 0012 ఫోటో 12 గంటల 12 సెకన్లకు, 0013 దాని తర్వాత పడి, ఒక రోజులోని వరుస చెడకుండా ఉంటుంది. వీడియోలు విఐడి- అని మొదలవుతాయి, అవీ నాలుగు అక్షరాలే, కాబట్టి లెక్క మారదు.

చివరికి తేదీ రాసే లైను:

సెట్-ఐటమ్‌ప్రాపర్టీ -లిటరల్‌పాత్ (ఫైల్ పూర్తి దారి) -నేమ్ లాస్ట్‌రైట్‌టైమ్ -వాల్యూ (తేదీ) -వాట్‌ఇఫ్

నెట్‌లో దొరికే చాలా స్క్రిప్టులు దీన్ని వాడకుండా లాస్ట్‌రైట్‌టైమ్‌కి సమానం గుర్తు పెట్టి నేరుగా తేదీ ఇచ్చేస్తాయి. అదీ పనిచేస్తుంది గానీ దానికి వాట్‌ఇఫ్ లేదు. వాట్‌ఇఫ్ పెడితే ఏ ఫైల్‌ని కదపబోతోందో తెర మీద చెప్తుంది, ఏదీ మార్చదు. కొత్త తేదీ కూడా కనబడాలంటే పక్కనే ఫైల్ పేరూ తేదీ చూపించే లైను ఒకటి చేర్చుకోండి. ఓ పది ఫైళ్లు కంటితో సరిచూసుకుని అప్పుడు వాట్‌ఇఫ్ తీసేయండి. లిటరల్‌పాత్ ఎందుకంటే, ఫైల్ పేర్లలో చదరపు బ్రాకెట్లు ఉంటే మామూలు -పాత్ వాటిని వైల్డ్‌కార్డ్ (ఏ అక్షరానికైనా సరిపోయే గుర్తు) అనుకుంటుంది.

ఇందాక చెప్తానన్న తంటా ఇది. మనం 04/05/2019 అంటే మే 4. పవర్‌షెల్‌లో అదే అక్షరాలను తేదీగా మారిస్తే ఏప్రిల్ 5 అవుతుంది, ఎందుకంటే అలా మార్చేటప్పుడు అది నెల-రోజు వరుసనే పాటిస్తుంది. మీ కంప్యూటర్ భారత్ సెట్టింగుల్లో ఉన్నా సరే. 15/04/2019 ఇస్తే పదిహేనో నెల లేదని ఎర్రర్ వస్తుంది, కనీసం తెలుస్తుంది. నెలలో మొదటి 12 రోజులకే మాట్లాడకుండా తారుమారు చేస్తుంది. అందుకని తేదీ చేత్తో రాయాల్సి వస్తే ఎప్పుడూ 2019-05-04 అని సంవత్సరం ముందు పెట్టి రాయండి.

సిస్టమ్ సెట్టింగుల సంగతి. ఈ పనికి అవి మార్చి తీరాల్సిన అవసరం లేదు. తెర మీద తేదీలు మన పద్ధతిలో కనబడాలనుకుంటే సరదాగా ఉండే విషయం ఒకటి ఉంది: ఫైల్ తేదీ మార్చిన సెట్-ఐటమ్‌ప్రాపర్టీయే రిజిస్ట్రీలోని (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) విలువనూ మారుస్తుంది. పవర్‌షెల్‌కి రిజిస్ట్రీ కూడా ఒక డ్రైవ్ లాంటిదే. హెచ్‌కేసీయూ (మీ అకౌంట్ సెట్టింగులుండే భాగం) కింద కంట్రోల్ ప్యానెల్, ఇంటర్నేషనల్ అన్న చోట ఎస్‌షార్ట్‌డేట్ విలువను రోజు-నెల-సంవత్సరం వరుసకి మార్చొచ్చు, సైన్ అవుట్ అయి మళ్లీ వస్తే కనిపిస్తుంది. మార్చే ముందు రెజ్ ఎక్స్‌పోర్ట్ కమాండ్‌తో ఆ కీ వరకు ఒక ఫైల్‌లో దాచండి. తిరిగి పాతది కావాలంటే ఆ ఫైల్ మీద డబుల్‌క్లిక్ చేస్తే చాలు. దీనివల్ల మారేది కనబడే తీరు మాత్రమే, పైన చెప్పిన ఏప్రిల్-మే గొడవ అలాగే ఉంటుంది. హెచ్‌కేఎల్‌ఎమ్ కింద ఉన్నవి కంప్యూటర్ మొత్తానికి వర్తిస్తాయి, అడ్మిన్ హక్కులు అడుగుతాయి. ఫోటోల కోసం అక్కడిదాకా వెళ్లమని ఎవరైనా చెబితే నమ్మకండి.

మీకు తప్పక ఎదురయ్యే సెట్టింగ్ ఎగ్జిక్యూషన్ పాలసీ. ఇంట్లో వాడే విండోస్‌లో అది మొదట రెస్ట్రిక్టెడ్‌గా ఉంటుంది, అంటే కమాండ్లు విండోలో టైప్ చేస్తే నడుస్తాయి, పీఎస్1 ఫైల్‌గా సేవ్ చేసి నడిపితే ఎర్ర అక్షరాలు వస్తాయి. అన్‌రెస్ట్రిక్టెడ్ పెట్టేయమని సలహా ఇచ్చేవాళ్లు కోకొల్లలు. సెట్-ఎగ్జిక్యూషన్‌పాలసీ రిమోట్‌సైన్డ్ -స్కోప్ కరెంట్‌యూజర్ సరిపోతుంది. మీరు రాసుకున్నది నడుస్తుంది, నెట్ నుంచి దిగినదాన్ని సంతకం లేకపోతే ఆపుతుంది, మీ అకౌంట్‌కే పరిమితం.

ఫోల్డర్ పేర్లు తెలుగులో పెట్టుకునే అలవాటు ఉంటే ఇది కూడా చూసుకోండి. విండోస్‌తో పాటు వచ్చే పవర్‌షెల్ 5.1, బామ్ (ఫైల్ మొదట్లో ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే గుర్తు) లేని యూటీఎఫ్-8 స్క్రిప్ట్ ఫైల్‌ని పాత ఎన్‌కోడింగ్‌లో చదువుతుంది. స్క్రిప్ట్‌లో 'పెళ్లి ఫోటోలు' అని రాస్తే దానికి పిచ్చి గీతలు కనబడి, అలాంటి ఫోల్డర్ లేదంటుంది. నోట్‌ప్యాడ్‌లో సేవ్ యాజ్ కొట్టి, కింద ఎన్‌కోడింగ్ దగ్గర 'యూటీఎఫ్-8 విత్ బామ్' ఎంచుకుంటే సరిపోతుంది. పవర్‌షెల్ 7లో ఈ బాధ లేదు.

కొన్ని ఫైళ్లకు మాత్రం 'యాక్సెస్ డినైడ్' అని వస్తే అవి రీడ్-ఓన్లీ అయి ఉండొచ్చు. స్టూడియోవాళ్లు ఇచ్చిన పాత డీవీడీల నుంచి తెచ్చిన వాటిలో నాకు ఇది తగిలింది. అట్రిబ్ -ఆర్ అని, ఫోల్డర్ దారికి \* తగిలించి, చివర /ఎస్ ఇస్తే లోపలి ఫైళ్లన్నిటికీ ఆ గుర్తు పోతుంది.

ఎగ్జిఫ్ ఉన్న ఫోటోలకు మోడిఫైడ్ తేదీ కూడా దానితో కలవాలనుకుంటే పవర్‌షెల్‌తో కుస్తీ పట్టకండి. ఫిల్ హార్వీ రాసిన ఎగ్జిఫ్‌టూల్ ఉచితంగా దొరుకుతుంది. దానికి 'ఫైల్‌మోడిఫైడేట్<డేట్‌టైమ్‌ఒరిజినల్' అని, ముందు ఒక మైనస్ పెట్టి, మొత్తాన్ని కొటేషన్ గుర్తుల్లో ఇచ్చి ఫోల్డర్ చూపిస్తే చాలు. లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఇదే నడుస్తుంది. కెమెరా గడియారం తప్పుగా ఉన్నప్పుడూ ఇదే దిక్కు. డల్లాస్‌లో ఉండే మా అన్నయ్య పెళ్లికి తెచ్చిన కెమెరాలో అక్కడి టైమే ఉండిపోయింది, మన సుముహూర్తం వాళ్ల ముందు రోజు రాత్రిలో పడింది. ఎగ్జిఫ్‌లోని ఆ తేదీకి టైమ్‌జోన్ ఉండదు, గడియారం ఎంత చూపిస్తే అంత రాసుకుంటుంది. మైనస్ పెట్టి ఆల్‌డేట్స్+=10:30 అంటే పదిన్నర గంటలు ముందుకు జరుగుతుంది. అక్కడ చలికాలంలో అయితే తేడా 11:30, ఆ నెల చూసుకుని ఇవ్వండి. ఎగ్జిఫ్‌టూల్ ఫోటో లోపల రాసేటప్పుడు పాత ఫైల్‌ని పేరు చివర _ఒరిజినల్ తగిలించి పక్కనే ఉంచుతుంది. అంతా సరిచూసుకున్నాక తీసేయొచ్చు.

గూగుల్ ఫోటోస్ నుంచి టేకౌట్‌లో (గూగుల్ నుంచి మన ఫైళ్లన్నీ దింపుకునే సేవ) దింపిన వాటికి పక్కనే ఫోటో వివరాలుండే జేసన్ ఫైల్ వస్తుంది. అందులో ఫోటోటేకెన్‌టైమ్ కింద ఉన్న పెద్ద అంకె 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు. 1555286400 అంటే 2019 ఏప్రిల్ 15, మన టైమ్‌లో ఉదయం 5:30. వాట్సాప్ పేరు కంటే దీన్నే నమ్మండి.

క్రియేటెడ్ తేదీ కూడా మార్చాలా అన్నారు. క్రియేషన్‌టైమ్ అని పేరు మార్చి అదే లైను ఇంకోసారి నడిపితే మారుతుంది, కానీ నేను వదిలేస్తాను. ఈ డిస్క్‌లోకి ఫైల్ ఎప్పుడు వచ్చిందో చెప్పేది అదొక్కటే, తర్వాత ఏ బ్యాచ్ ఎవరి ఫోన్‌దో తేల్చుకోవడానికి పనికొస్తుంది.

మీ అమ్మానాన్నల 1974 నాటి పెళ్లి ఫోటోల స్కాన్లు కూడా ఉన్నాయన్నారు కదా, వాటికి మోడిఫైడ్ తేదీని నమ్ముకోవద్దు. ఎన్‌టీఎఫ్‌ఎస్ 1601 దాకా వెనక్కి వెళ్తుంది గానీ, పెన్‌డ్రైవ్‌లలో ఉండే ఫ్యాట్32లో తేదీలు 1980 నుంచే మొదలవుతాయి. చుట్టాలకు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారంటే 1974 అక్కడ నిలవదు. వాటికి ఎగ్జిఫ్‌టూల్‌తో డేట్‌టైమ్‌ఒరిజినల్ రాయండి, విలువ 1974:05:01 12:00:00 లాగా తేదీలోనూ కోలన్లతోనే ఉండాలి. రోజు కచ్చితంగా తెలియకపోతే నెల మొదటి తేదీ వేసి, ఫైల్ పేరులో 'సుమారు' అని చేర్చుకోండి.