తొమ్మిదో పేజీ

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ కవరు శనివారం అందింది. భారత్, జర్మనీ ప్రభుత్వాల పోలిక మీద పన్నెండు పేజీల అసైన్‌మెంటు, మొదటి పేజీ మీద ఎర్ర ఇంకుతో పదికి ఆరు, కింద ‘గుడ్’ అని ఒక్క ముక్క. వెంట నీ ఉత్తరం: ఆరే ఎందుకు వేశారు, దీన్నే వ్యాసంగా మార్చి పత్రికకు పంపొచ్చా, ఇకమీదట తెలుగులో రాయాలా ఇంగ్లీషులో రాయాలా అని. దస్తూరి ముచ్చటగా ఉంది.

మార్కుల గొడవ తర్వాత. ముందు తొమ్మిదో పేజీ. ‘రాష్ట్రపతి అధికారాలు’ అన్న హెడ్డింగుకు పైన, ఎందులోనూ ఇమడక మిగిలిపోయిన వాక్యం ఒకటుంది: “1999లో మన ప్రభుత్వం ఒక్క ఓటుతో కూలిపోయింది, జర్మనీలో అలా కూలదు.” వాలు కుర్చీలో పడుకుని చదువుతున్నవాణ్ణి లేచి కూచున్నాను. తర్వాతి వాక్యం కోసం చూస్తే నువ్వప్పుడే క్షమాభిక్ష దగ్గరికి వెళ్లిపోయావు. ఒళ్లు మండింది. బావి తవ్వేవాడు తడి మట్టి తగలగానే పార భుజాన వేసుకుని ఇంటికి పోయినట్టుంది. ఆ వాక్యం పక్కన మీ లెక్చరర్ ఒక టిక్కయినా పెట్టలేదు. ఆయన మీదా మండింది.

మిగతా పదకొండు పేజీల్లో ఏముంది? ఎడమ గడిలో భారత్, కుడి గడిలో జర్మనీ. ఇక్కడ లోక్‌సభ, అక్కడ బుండెస్టాగ్. ఇక్కడ ప్రధానమంత్రి, అక్కడ ఛాన్సలర్. రెండు జాతకాలు బల్ల మీద పక్కపక్కన పెట్టినంత మాత్రాన పొంతన చూసినట్టేనా? తులనాత్మక రాజకీయాలు పాఠంగా ఉన్న ప్రతి కాలేజీలోనూ ఈ గడుల జబ్బు చూశాను. గైడులు అంటించిన జబ్బు. ముప్ఫై ఏళ్లు చెప్పినవాణ్ణి కనక అంటున్నాను, స్కేలు పెట్టి నిలువుగీత గీసినవాడు ఇక ‘ఎందుకు’ అని అడగడు. అడిగినా ఆ గడిలో రాసే చోటుండదు.

నీ వాక్యం సగం తప్పు కూడా. జర్మనీలో ప్రభుత్వం కూలింది. 1982 అక్టోబరు 1న ఛాన్సలర్ హెల్ముట్ ష్మిట్‌ను దించేశారు. కాకపోతే ఆ 256 ఓట్లతోనే హెల్ముట్ కోల్‌ను ఎన్నుకున్నారు. వాళ్ల రాజ్యాంగం 67వ అధికరణ ప్రకారం ఛాన్సలర్‌ను దించాలంటే అదే ఓటుతో కొత్తవాణ్ణి ఎక్కించాలి. హిట్లర్ రాకముందు, వైమార్ రిపబ్లిక్ రోజుల్లో ఆ కొస పార్టీలూ ఈ కొస పార్టీలూ దించడానికి కలిసొచ్చి, నిలబెట్టే వేళకి ఎవరి దారిన వాళ్లు పోయేవారు. ఆ దెబ్బ తిన్నారు కనకే 1949లో ఈ నియమం పెట్టుకున్నారు. 1972లో విల్లీ బ్రాంట్‌ను దించబోయిన ప్రతిపక్షానికి 249 కావాల్సి ఉంటే 247 పడ్డాయి.

ఇప్పుడు మన 1999 ఏప్రిల్ 17 తీసుకో. వాజ్‌పేయి ప్రభుత్వానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. స్పీకర్ కుర్చీలో మన బాలయోగి. గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒరిస్సా ముఖ్యమంత్రి, ఎంపీ పదవి మాత్రం వదల్లేదు. ఓటు వెయ్యాలా వద్దా అన్నది ఆయన మనస్సాక్షికే వదిలేశారు. అన్నాడీఎంకే వాజ్‌పేయిని వదిలేసింది, అక్కడ కూటమిలోని చిన్న పార్టీ ఎఫ్‌డీపీ ష్మిట్‌ను వదిలినట్టే. అయితే ఎఫ్‌డీపీ వదిలి ఊరుకోవడానికి లేదు, కోల్‌కు ఓటెయ్యాలి. మన దగ్గర దించినవాళ్లని ‘మరి ఎవర్ని ఎక్కిస్తారు?’ అని ముందుగా అడిగే నియమం లేదు. తర్వాత అడిగితే చెప్పలేకపోయారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో మళ్లీ ఎన్నికలు.

ఇదీ పోలికంటే. కానీ అప్పుడే చంకలు గుద్దుకోకు. 1999లో జరిగింది అవిశ్వాసం కాదు. బలం చూపించమని రాష్ట్రపతి అడిగితే వాజ్‌పేయి పెట్టిన విశ్వాస తీర్మానం. జర్మనీలోనూ ఛాన్సలరే విశ్వాసం అడిగితే 68వ అధికరణ కిందికి వస్తుంది, అందులో ఓడించడానికి కొత్తవాడి పేరు అక్కర్లేదు. 2024 డిసెంబరు 16న ఛాన్సలర్ షోల్జ్ అలాగే ఓడి, 2025 ఫిబ్రవరి 23న ఎన్నికలకు వెళ్లాడు. ఆ ఓటుకు ముందు నెలలో కూటమి చెడింది కూడా ఆ ఎఫ్‌డీపీతోనే! మరి నియమం ఏం కాపాడినట్టు? పైగా 1982లో అక్కడ లెక్కకొచ్చే పక్షాలు మూడు. మన పన్నెండో లోక్‌సభలో పార్టీలు లెక్కపెట్టడానికి చేతివేళ్లు చాలవు. తేడా తెచ్చింది నియమమా, పార్టీల సంఖ్యా? నువ్వు మొదలుపెట్టాల్సింది ఇక్కడ. నేనైతే నీ పన్నెండు పేజీలకు నాలుగు వేసి, ఈ ఒక్క ప్రశ్న మీద మళ్లీ రాసుకురమ్మని తిప్పి ఇచ్చేవాణ్ణి.

ఇలా మార్కులు వేసే తిట్లు తిన్నాను. ఒక వేసవి స్పాట్ వాల్యుయేషన్‌లో, భారత్, పాకిస్తాన్‌ల మీద ప్రశ్నకి ఒక కుర్రాడు పేజీన్నర రాశాడు. ఇద్దరికీ దక్కింది బ్రిటిష్‌వాళ్లు చేసిన ఆ 1935 భారత ప్రభుత్వ చట్టమే. ఇక్కడ 1950కల్లా రాజ్యాంగం అమల్లోకొచ్చింది. అక్కడ 1956 దాకా రాలేదు, వచ్చిందీ 1958లో మార్షల్ లాతో పోయింది. ఇక్కడ తొలి ఎన్నికలు 1951-52లో, అక్కడ దేశమంతా నేరుగా ఓటేసింది 1970లో. “ఆ ఖాళీలో సైన్యం వచ్చి కూచుంది” అని ముగించాడు. పదిహేనుకు పదమూడు వేశాను. చీఫ్ ఎగ్జామినర్ కట్ట తిరగేస్తూ ఆగి, “అడిషనల్ షీటు కూడా తీసుకోనివాడికి పదమూడా?” అని నా ఎదురుగానే కొట్టేసి ఎనిమిది చేశారు. పక్క బల్ల మీద ఇరవై పేజీల గడులకు పన్నెండు పడింది. నేను నోరెత్తలేదు. ఎత్తాల్సింది.

పత్రిక సంగతా? నా మొదటి వ్యాసమూ ఆ రెండు దేశాల మీదే. ఒక వారపత్రిక ఎడిటర్ ‘పక్క దేశం గొడవ మనకెందుకు’ అని పాకిస్తాన్ సగం కోసేసి, మిగిలిన సగానికి ‘మన ప్రజాస్వామ్య వైభవం’ అని పేరు పెట్టి ఆగస్టు సంచికలో వేశాడు. ‘ఎందుకంటే’ అని మొదలయ్యే పేరా ఉంది, దాని ముందు ఉండాల్సిన పేరా లేదు. మా నాన్నగారు అందులో నా పేరు చూసి మురిసిపోయి ఫ్రేము కట్టించి వసారాలో తగిలించారు. పదేళ్లు ఆ సగం వ్యాసం కింద కూచుని కాఫీ తాగాను. ఇప్పటి ఎడిటర్లు అంకెలు కూడా వద్దంటున్నారట, ‘ఫ్లో’ పోతుందట.

పదకొండు పేజీలు నా దగ్గరే ఉంచుకుని తొమ్మిదో పేజీ ఒక్కటే తిప్పి పంపుతున్నాను. ఆ వాక్యం కింద పెన్సిలు గీత నాది. నాలుగు పేజీలు మించకుండా రాసి పట్టుకురా, గడులు కనిపిస్తే గుమ్మంలోనే ఆపేస్తాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటాను, ఆ వేళప్పుడు రాకు.

మాస్టారు