ఇంట్లో పాటల రికార్డింగుకు 8 జీబీ ర్యామ్ చాలదా?

పాట రికార్డు చేస్తుంటే చిటపటలు వినిపిస్తున్నాయి, 8 జీబీ ర్యామ్‌ను 32కు పెంచాలా అని అడిగారు. డబ్బు తీసే ముందు మీ అతిపెద్ద ప్రాజెక్టు తెరిచి, విండోస్ టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఎంత నిండిందో చూడండి. సగమే నిండితే ర్యామ్ పెంచినా చిటపటలు పోవు. అవి చాలావరకు ప్రాసెసర్ అందుకోలేక వచ్చేవి. రికార్డింగు సాఫ్ట్‌వేర్ ఆడియో సెట్టింగుల్లో బఫర్‌ను, అంటే ప్రాసెసర్ ఒక్కో విడతలో అందుకునే ధ్వని ముక్క పరిమాణాన్ని, 128 నుంచి 512 శాంపిళ్లకు మార్చి చూడండి, పైసా ఖర్చు లేదు. హెడ్‌ఫోన్‌లో మీ గొంతు కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది, అంతే.

గొంతు, వీణ రికార్డు చేయడానికి ర్యామ్ పెద్దగా పట్టదు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో ట్రాక్ నిమిషానికి దాదాపు 8.6 ఎంబీ, అదీ డిస్కులోకే వెళ్తుంది. ర్యామ్‌ను మింగేవి శాంపిల్ వాయిద్యాలు, అంటే అసలు వాయిద్యపు రికార్డింగులతో మోగే సాఫ్ట్‌వేర్ వాయిద్యాలు. మంచి పియానో లైబ్రరీలో ఒక్కో మెట్టుకు, మెల్లగా నొక్కితే ఒకటి, గట్టిగా నొక్కితే ఇంకొకటి చొప్పున విడి రికార్డింగులుంటాయి. వాటి ఆరంభపు ముక్కలు ముందే ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంటాయి. ఇలాంటివి నాలుగైదు కలిపి వాడితే 32 తీసుకోండి, లేకుంటే 16 చాలు.

కొనేటప్పుడు ఒకే 16 జీబీ స్టిక్ బదులు 8 జీబీవి రెండున్న కిట్ మేలు. ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా నడిచే దారులు, అంటే చానెళ్లు, రెండూ పనిచేస్తాయి. ర్యామ్ తరం కూడా చూసుకోండి, డీడీఆర్4 స్లాటులో డీడీఆర్5 దూరదు. ల్యాప్‌టాప్ అయితే ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉందేమో ముందు చూసుకోండి.