పడవకు సూర్యుడి ఇంధనం

ప్రశ్న: గండికోట జలాశయంలో చిన్న ఇంజను పడవతో చేపలు పడుతున్నాను. రోజూ సాయంత్రం వల వేయడానికి ఒక గంట, తెల్లవారుజామున తీయడానికి మరో గంట ఇంజను నడుస్తుంది. దీనికి బదులు సౌరశక్తిని వాడవచ్చునా?
– ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: తప్పకుండా వాడవచ్చును. సముద్రంలో వల ఈడ్చే మరపడవలకు సౌర పలకల విద్యుత్తు ఒక్కటే చాలదు గాని, నిలకడ నీటిలో గంటసేపు తిరిగే మీ పడవకు ఇది చక్కగా సరిపోతుంది. కేరళలోని వేంబనాడు సరస్సుపై 75 మంది ప్రయాణికులను మోసే 'ఆదిత్య' అనే సౌర పడవ 2017 నుంచి నడుస్తోంది.

ఇంజను బదులు పెట్టే 2 కిలోవాట్ల విద్యుత్ మోటారు రెండు గంటలు తిరిగితే 4 యూనిట్లు ఖర్చవుతాయి. మన సీమ ఎండకు ఒక కిలోవాట్ పలకలు మామూలు రోజున దాదాపు అంతే ఇస్తాయి. అయితే పలకలను పడవ మీద బిగించవద్దని నా సలహా, ఎందుకంటే వల వాటికి చిక్కుకుంటుంది, గాలికి పడవ ఒరుగుతుంది. ఒడ్డున పాక మీద అమర్చి, పగలంతా బ్యాటరీని ఛార్జి చేసుకోవడమే మేలు. బ్యాటరీ విషయంలో మాత్రం చవకకు పోకండి: సీసపు బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది, బరువు కూడా ఎక్కువ, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం దానికంటే ఎంతో తేలిక, ఎక్కువ ఏళ్లు మన్నుతుంది.

వేగాన్ని ఐదో వంతు తగ్గిస్తే కావలసిన శక్తి దాదాపు సగానికి పడిపోతుంది కనుక, మబ్బు రోజుల్లో నిదానంగా వెళ్లండి, తెడ్లను మాత్రం పడవలోనే ఉంచండి.