నగరం చెంతనే నడకదారులు

ప్రశ్న: మేము కూకట్‌పల్లిలో నివసిస్తున్నాము. 9 ఏళ్ల మా అమ్మాయినీ, 62 ఏళ్ల మా మామగారినీ వెంటబెట్టుకొని సెలవు రోజుల్లో కొండల్లోనో అడవిలోనో నడవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? వానాకాలంలో అనంతగిరికి వెళ్లవచ్చునా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, తప్పక వెళ్లవచ్చును, అయితే తొలి నడకకే అనంతగిరిని పెట్టుకోవద్దని నా సలహా. 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన జూబ్లీహిల్స్‌లోని కె.బి.ఆర్. పార్కులో నాలుగైదు ఉదయాలు నడిస్తే, మీ మామగారి మోకాళ్లు ఎంత దూరం ఓర్చుకోగలవో, పాప ఎంతసేపటికి అలసిపోతుందో మీకే తెలుస్తుంది. అక్కడ నెమళ్లు కనబడతాయి; వాటితోపాటు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి నల్లరాతి గుండ్లను కూడా పాపకు చూపించండి. నేలలోపల పగుళ్ల వెంబడి నీరు దిగి రాతి అంచులను అరగదీయగా, కాలక్రమంలో పైమట్టి కొట్టుకుపోయి, ఆ గుండ్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్లుగా బయటపడ్డాయి.

ఇక అనంతగిరి సంగతి. లింగంపల్లి మీదుగా వికారాబాద్‌కు రైళ్లున్నాయి, స్టేషను నుండి కొండ కొద్ది కిలోమీటర్లే. మూసీ నది పుట్టేది ఆ కొండల్లోనే. 1908 సెప్టెంబరులో హైదరాబాద్‌ను ముంచెత్తి వేలమందిని బలిగొన్నది ఈ నదే; ఆ విపత్తు తరువాత 1920లో ఉస్మాన్‌సాగర్ జలాశయం కట్టినదీ దీని మీదనే. నగరంలో మురికితో కనబడే మూసీని మాత్రమే ఎరిగిన పిల్లలు దాని పుట్టినచోటును ఒక్కసారైనా చూడాలని నేను గట్టిగా కోరుకుంటాను.

వానాకాలంలో ఆ అడవి పచ్చగా ఉంటుంది గానీ, తడిసిన రాతిమీద, పాచి పట్టిన మెట్లమీద పెద్దవారు జారిపడే ప్రమాదముంది. కాబట్టి వాన వెలిసి ఒకటి రెండు రోజులైన తరువాత, పట్టు ఉన్న బూట్లతో, మామగారికి ఒక చేతికర్రతో బయలుదేరండి. మీ నలుగురికీ అన్నివిధాలా అనువైనది మాత్రం నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఉండే కాలమే. ఫిబ్రవరి చివరికి ఆకురాల్చిన మోదుగ చెట్లు ఎర్రగా పూస్తాయి.

ఆకులు కప్పిన చోట చూడకుండా అడుగు వేయవద్దు, రాతి సందుల్లో చేయి పెట్టవద్దు. రక్తపింజర అటువంటి చోట్లే పడుకుంటుంది. కొండ తేనెపట్టు కనబడితే కేకలు వేయక, రాళ్లు విసరనీయక, నెమ్మదిగా వెనుదిరగండి. దారి తప్పినా వెలుతురుండగానే తిరిగి రాగలిగేలా ఉదయమే నడక మొదలుపెట్టి, మనిషికి రెండు లీటర్ల నీరు తీసుకెళ్లి, ఖాళీ సీసాలను మీ సంచిలోనే ఇంటికి తెచ్చుకోండి.